కాలీ ఇంటివాళ్లు వెల్లస్లీలు ఎలా అయ్యారు?

పోయిన నెల శ్రీరంగపట్నం యుద్ధం గురించి ఒకరు అడిగితే జవాబు రాస్తూ, గవర్నర్ జనరల్ వెల్లస్లీ ఐర్లాండ్‌లో ఒక జమీందారీ ఇంటివాడు అని ఒక్క ముక్క అనేసి వదిలేశాను. ఆ ఒక్క ముక్క మీద ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. సరే, ఈసారి శీర్షిక మొత్తం దానికే.

ప్రశ్న: ఆ వెల్లస్లీ తాతగారి ఇంటిపేరు ఒక పుస్తకంలో కాలీ అని ఉంది, ఇంకో చోట వెస్లీ అని ఉంది. మనవడేమో వెల్లస్లీ. ఇది అచ్చుతప్పా, లేక ముగ్గురూ వేరువేరు మనుషులా? (కడప నుంచి ఒక పాఠకుడు)

జవాబు: అచ్చుతప్పు కాదండీ, అన్నీ నిజాలే. తాత పుట్టింది కాలీగా, పోయింది వెస్లీగా. మధ్యలో జరిగిందేమిటంటే ఆస్తి కలిసొచ్చింది.

కొంచెం వెనక్కి వెళ్లాలి. కాలీలు 16వ శతాబ్దంలో ఐర్లాండ్‌లో లాయర్లు. ఎనిమిదో హెన్రీ రోజుల్లో డబ్లిన్‌లో రాజుగారి తరఫున వాదించి, పెద్ద పదవులు పట్టి, తర్వాత కిల్డేర్ కౌంటీలో కార్బరీ కోట, దాని చుట్టూ భూములు సంపాదించారు. పక్కనే మీత్ కౌంటీలో డాంగన్ అనే చోట వెస్లీలు ఉండేవాళ్లు, వీళ్లు ఇంకా పాతకాపులు. ఇంగ్లండ్‌లో సోమర్‌సెట్ నుంచి, రెండో హెన్రీ దండుతో పాటు జెండా మోస్తూ వచ్చామని చెప్పుకునేవాళ్లు. (ఐర్లాండ్‌లో ఏ జమీందారీ ఇంటికి వెళ్లినా మొదటి పూర్వీకుడు ఏదో ఒక రాజు పక్కన జెండానో కత్తో పట్టుకుని నిలబడే ఉంటాడు, వెనకాల గుర్రాలకు గడ్డి వేసినవాడు ఎవరి వంశవృక్షంలోనూ కనపడడు.) ఆ వెస్లీ ఇంటికి కాలీల ఆడపడుచు ఎలిజబెత్ కోడలుగా వెళ్లింది. ఆమె కొడుకు గ్యారెట్ వెస్లీ. గ్యారెట్‌కు పిల్లలు లేరు. 1728లో ఆయన పోతూ డాంగన్, మార్నింగ్టన్ ఎస్టేట్లు తన మేనమామ కొడుకు రిచర్డ్ కాలీకి రాసిపోయాడు, కాకపోతే ఒక షరతు పెట్టాడు: కాలీ అన్న పేరు వదిలేసి వెస్లీ అని పెట్టుకోవాలి. రెండు నెలలు తిరక్కుండానే పెట్టుకున్నాడు.

ఇంగ్లీషు పుస్తకాల్లో ఇక్కడ 'కజిన్' అని ఒక్క మాటతో సరిపెట్టేస్తారు, దాంతో ఆ రిచర్డ్ వెస్లీల రక్తమేనేమో అనిపిస్తుంది. మన వరసలో చెప్పుకుంటే ఒక్క క్షణంలో తేలిపోతుంది. మేనమామ కొడుకంటే బావమరిది. అంటే తల్లి పుట్టింటివాడు. వెస్లీల రక్తంతో అతనికి సంబంధం లేదు, ఉన్నదల్లా వాళ్లింటి కోడలి వైపు చుట్టరికం. ఆ తర్వాత పుట్టిన వెల్లస్లీలు అందరూ, వాటర్లూలో నెపోలియన్‌ను ఓడించిన ఆర్థర్‌తో సహా, మగవరసలో చూస్తే కాలీలే. మన దగ్గర పిల్లలు లేని ఇంటికి దత్తు వెళ్లినవాడి ఇంటిపేరు, గోత్రం మారిపోయినట్టే అనుకోండి, కాకపోతే అక్కడ హోమం లేదు, వీలునామా ఉంది. అప్పటికి రిచర్డ్ చిన్నపిల్లాడేం కాదు, దాదాపు నలభై ఏళ్ల మనిషి.

ఈ రిచర్డ్ 1746లో బారన్ మార్నింగ్టన్ అయ్యాడు, లార్డు బిరుదుల్లో అది కింది మెట్టు. కొడుకు గ్యారెట్ 1760లో ఇంకా పై మెట్టు, ఎర్ల్ అయ్యాడు, డబ్లిన్ ట్రినిటీ కాలేజీలో మొట్టమొదటి సంగీత ప్రొఫెసర్ కూడా ఆయనే. మంచి సంగీతం, బోలెడు అప్పులు మిగిల్చి 1781లో పోయాడు. ఆయన కొడుకుల్లో పెద్దవాడు రిచర్డ్, అంటే మన గవర్నర్ జనరల్. అతనికి వెస్లీ అన్నది మరీ పొట్టిగా అనిపించిందో, లేక మెథడిస్టు బోధకుల పేరులా ఉందనిపించిందో గానీ, 1789లో పాతకాలపు స్పెల్లింగ్ తవ్వి తీసి వెల్లస్లీ అని రాయడం మొదలుపెట్టాడు. తమ్ముడు ఆర్థర్ మాత్రం 1798 దాకా వెస్లీ అనే సంతకం పెట్టాడు.

ప్రశ్న: రాయలసీమవాళ్లం, ఎక్కడో ఐర్లాండ్‌లో ఎవరి ఇంటిపేరు ఏమైతే మాకేం? పేజీ వేస్ట్ కాదా? (అనంతపురం నుంచి, కొంచెం కోపంగా)

జవాబు: ఆ కోపం న్యాయమే, కానీ మీరున్న జిల్లా ఈ కథలోనే ఉంది. ఈ రిచర్డ్ వెల్లస్లీ 1798లో గవర్నర్ జనరల్‌గా దిగీదిగగానే సెప్టెంబరు 1న హైదరాబాద్ నిజాంతో సైన్య సహకార ఒప్పందం చేయించాడు, మరుసటి ఏడాది శ్రీరంగపట్నం పడిపోయింది. 1800 అక్టోబరులో ఇంకో ఒప్పందం. కంపెనీ సైన్యం ఖర్చు కింద, మైసూరు యుద్ధాల్లో తన వాటాకు వచ్చిన భూములన్నీ నిజాం కంపెనీకి ఇచ్చేశాడు. కడప, బళ్లారి, మీ అనంతపురం, ఇవన్నీ అలా వెళ్లినవే. ఇచ్చేసినవి కాబట్టి దత్త మండలాలు అన్నారు. ఆ మాట నచ్చకే 1928లో నంద్యాల సభలో రాయలసీమ అని పేరు పెట్టుకున్నాం. దత్తుకు వచ్చిన ఇంటిపేరు పెట్టుకున్న ఇంటి మనవడు దత్త మండలాలు పట్టుకుపోయాడని నేనంటే మాటల గారడీ అంటారు, అనండి.

ఇంకో సంగతి. మైసూరు గెలిచినందుకు పెద్ద ఇంగ్లీషు బిరుదు వస్తుందని ఎదురుచూస్తే, 1799 చివర్లో అతనికి ఇచ్చింది ఐరిష్ మార్క్విస్ బిరుదు. ఆ అవమానానికి మంచం పట్టినంత పనైంది. రెండుసార్లు బంగారు పూత పూసిన ఆలుగడ్డ ఇచ్చారని ఉత్తరాల్లో ఏడ్చాడు. ఐర్లాండ్ భూమి మీద బతికిన కుటుంబం, ఐర్లాండ్ పేరుతో బిరుదిస్తే మాత్రం నామోషీ.

ప్రశ్న: నేను డబ్లిన్‌లో ఉంటాను. ఆదివారం ట్రిమ్ వెళ్తూ దారిలో డాంగన్ చూశాం. పొలాల మధ్య పైకప్పు లేని గోడలు, ఇంకేం లేదు. వెల్లస్లీల ఇల్లు ఇంత పాడుపడిందేమిటి? ఎవరు తగలబెట్టారు? (ఒక పాఠకురాలు)

జవాబు: అమ్మా, ముందు ఆ ఇల్లు బాగున్న రోజులు చెప్పనివ్వండి. 1748లో ఒకావిడ, మిసెస్ డెలానీ, ఆ ఇంటికి వెళ్లి చూసినదంతా ఉత్తరంలో రాసింది. తోట నిండా రాతి స్తంభాలు, విగ్రహాలు. తవ్విన కాలువల్లో పడవలు, చిన్న యుద్ధనౌక, ఒడ్డున బొమ్మ కోట, దానికి ఫిరంగులు. ఆ కోటకు గవర్నర్, ఆ నౌకలకు అడ్మిరల్ ఎవరయ్యా అంటే పదమూడేళ్ల గ్యారెట్, తర్వాత సంగీత ప్రొఫెసర్ అయింది ఈ పిల్లాడే. వచ్చిన అతిథి తనకు నామకరణం నాటి గాడ్‌మదర్, అందుకని జెండాలన్నీ ఎగరేశాడు, ఫిరంగులు కూడా పేలుస్తానన్నాడు. ఆవిడ వద్దు నాయనా అంటే మొహం చిన్నబుచ్చుకున్నాడు. నాకు ఈ కుటుంబం మొత్తంలో ఇష్టమైన దృశ్యం ఇదొక్కటే.

అలాంటి ఇంటిని కొడుకు రిచర్డ్ నాన్న చేసిన అప్పులు తీర్చడానికి అమ్మేశాడు. ఇండియాకు వచ్చేటప్పటికే డాంగన్ చేయి దాటిపోయింది. తర్వాత దాన్ని రోజర్ ఓకానర్ అనే ఆయన లీజుకు తీసుకున్నాడు. ఆయన దగ్గర ఉండగా 1809లో ఇల్లు కాలిపోయింది. తగలబెట్టింది ఆయనేనని ఊళ్లో గుసగుసలు ఉండేవి, కోర్టులో మాత్రం ఎవరూ నిరూపించలేదు కాబట్టి నేనూ అననులెండి. ఆయన మీద కోర్టుకు వచ్చిన కేసు వేరే: గాల్వే వెళ్లే మెయిల్ బండిని దోపిడీ చేయించాడని 1817లో అరెస్టు చేశారు, నిర్దోషి అని బయటపడ్డాడు.

మన శీర్షికకు కావలసింది ఆయన వంశం. ఐర్లాండ్ చివరి మహారాజు ఓకానర్ వంశానికి నేనే వారసుణ్ణి అని చెప్పుకునేవాడు. పాత ఐరిష్ చరిత్ర అంటూ 1822లో ఒక పుస్తకమే అచ్చు వేశాడు, పండితులు చూసి పక్కన పడేశారు. అసలు విషయం ఏమిటంటే వీళ్ల పూర్వీకులు లండన్ వర్తకులు, ఇంటిపేరు కానర్. ముందు 'ఓ' తగిలిస్తే రాజవంశం అయిపోయింది. ఒకే ఇంట్లో మొదట ఆస్తి కోసం పేరు మార్చుకున్నవాళ్లు, తర్వాత ఆస్తి లేకుండానే రాజులైనవాళ్లు. ఈ రోజర్ కొడుకు ఫియర్గస్ ఓకానర్ మాత్రం నిజంగా గొప్పవాడయ్యాడు, ఇంగ్లండ్‌లో కార్మికులకు ఓటు కావాలని చార్టిస్టు ఉద్యమం నడిపింది ఆయనే. చిన్నప్పుడు కొన్నాళ్లు పెరిగింది మీరు చూసిన ఆ గోడల మధ్యనే.

తగలబెట్టడం గురించి మీకు అనుమానం ఎందుకు వచ్చిందో తెలుసు. 1920 నుంచి 1923 మధ్య ఐర్లాండ్‌లో ఇలాంటి పెద్ద ఇళ్లు రెండు వందలకు పైగా కాలిపోయాయి. డాంగన్ ఆ లెక్కలోది కాదు, దానికి వందేళ్ల ముందే దానికదే అయిపోయింది.

ప్రశ్న: జమీందార్లు అంటారు, మళ్లీ బారన్, ఎర్ల్ అంటారు. ఏది నిజం? (విజయవాడ)

జవాబు: రెండూ, వరసగా. బిరుదు లేకుండా కౌలు మీద బతికే భూస్వాములను జెంట్రీ అంటారు. సేద్యం చేయరు, రైతులు కట్టే శిస్తుతో బతుకుతారు, ఊళ్లో మేజిస్ట్రేటు వాళ్లే, పార్లమెంటు మెంబరూ వాళ్లే. కాలీలు, వెస్లీలు 1746 దాకా ఆ కోవవాళ్లే, ఆ తర్వాత లార్డులు. మన జమీందారుతో అచ్చంగా పోల్చకండి, మనవాడు సర్కారుకు పేష్కష్ కట్టేవాడు, ఐర్లాండ్ భూస్వామికి భూమి సొంత హక్కు. ఆ హక్కుకు 1903 భూమి చట్టం గండి కొట్టింది. ప్రభుత్వం అప్పు ఇచ్చి, కౌలుదార్లే భూమి కొనుక్కునేలా చేసింది.

ప్రశ్న: ఈ వంశవృక్షాల్లో ఆడవాళ్లు ఎక్కడ? ప్రతి కొమ్మకూ మగవాడి పేరు, కింద "కుమార్తెలు నలుగురు" అంటారు, అంతే. మా ఇంట్లో నాన్నగారు రాయించిన దాంట్లోనూ అంతే. (హైదరాబాద్ నుంచి)

జవాబు: మీ నాన్నగారి దాంట్లో అమ్మ పేరైనా ఉందా? అడగకుండా ఉండలేకపోయాను.

పైన చెప్పిన కథే మళ్లీ చూడండి. ఎలిజబెత్ కాలీ అనే కోడలు లేకపోతే డాంగన్ కాలీలకు వచ్చేది కాదు, అసలు వెల్లస్లీలే ఉండేవాళ్లు కాదు. కొమ్మ మీద ఆమె పేరు చిన్న అక్షరాల్లో ఉంటుంది, చెట్టు మొత్తం ఆమె మీద నిలబడింది.

రెండోది ఇంకా చిత్రం. గవర్నర్ జనరల్ రిచర్డ్ హయసింత్ రోలాండ్ అనే ఫ్రెంచి యువతితో కాపురం పెట్టాడు, ఐదుగురు పిల్లలు పుట్టాక 1794లో పెళ్లి చేసుకున్నాడు. అప్పటి చట్టంలో తర్వాత పెళ్లి చేసుకున్నా ఆ పిల్లలకు బిరుదు రాదు. అందుకే 1842లో ఆయన పోగానే మార్క్విస్ బిరుదు అంతరించింది, ఎర్ల్ బిరుదు తమ్ముడికి పోయింది. వంశవృక్షం రాసేవాళ్లు అక్కడ 'నిస్సంతు' అన్నట్టు ఒక గీత గీసి ఊరుకుంటారు. ఇంతకీ ఆ ఐదుగురిలో యాన్ అనే అమ్మాయి ఉంది. రెండో పెళ్లి లార్డ్ చార్లెస్ బెంటింక్‌తో. ఆమె కొడుకు ఒక చర్చి పాస్టరు, అతని కూతురు సిసీలియా, సిసీలియా కూతురు ఎలిజబెత్ బోస్-లయన్, ఆవిడ కూతురు రెండో ఎలిజబెత్ రాణి. గీత గీసి ఆపేసిన కొమ్మ వెళ్లి బకింగ్‌హాం ప్యాలెస్‌లో తేలింది. మధ్యలో ఉన్నవాళ్లలో సగం మంది ఆడవాళ్లు కావడం వల్ల ఇంటిపేర్లు మారిపోయి ఎవరూ గమనించరు, అంతే.

ఎర్ల్ బిరుదు దక్కిన తమ్ముడి సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే ఇంటిపేర్ల పిచ్చి అక్కడ పరాకాష్ఠకు చేరింది. తమ్ముడు విలియంకు 1781లో పోల్ అనే బంధువు ఆస్తి వచ్చింది, అన్నట్టుగానే పేరు తగిలించుకుని వెస్లీ-పోల్, అన్న స్పెల్లింగ్ మార్చాక వెల్లస్లీ-పోల్ అయ్యాడు. అతని కొడుకు 1812లో ఇంగ్లండ్‌లో అప్పటికి అందరికన్నా ఆస్తిపరురాలైన క్యాథరిన్ టిల్నీ-లాంగ్‌ను చేసుకున్నాడు. అత్తవారి రెండు పేర్లు కూడా కలిపాడు. పోల్-టిల్నీ-లాంగ్-వెల్లస్లీ. మనిషి ఒకడు, ఇంటిపేర్లు నాలుగు, ఆస్తి మాత్రం మిగల్లేదు. ఆవిడ ఇల్లు వాన్‌స్టెడ్ లోపలి సామాన్లు 1822లో నెల రోజుల పాటు వేలం వేశారు, తర్వాత ఇల్లు కూడా పడగొట్టి రాళ్లు అమ్మేశారు. ఆమె మనోవేదనతో చనిపోయింది, పిల్లల్ని తండ్రికి ఇవ్వం అని కోర్టు చెప్పేసింది. ఇలాంటివాడికి పిల్లనిచ్చారా అని ఇప్పుడు తిట్టుకుని లాభం లేదు, అప్పుడు లండన్ మొత్తం తిట్టుకుంది.

ప్రశ్న: కాలీ అనే పేరు అలా పోయినట్టేనా? (పేరు, ఊరు లేవు)

జవాబు: పోలేదు. అందరికన్నా చిన్న తమ్ముడు హెన్రీ రాయబారిగా పనిచేసి 1828లో లార్డ్ అయ్యాడు. ఏం బిరుదు కావాలంటే కౌలీ అన్నాడు. కాలీకే పాత స్పెల్లింగ్ అది. వందేళ్ల క్రితం తాత వదిలేసిన పేరును మనవడు బిరుదుగా వెనక్కి తెచ్చుకున్నాడు.

ప్రశ్న: మెథడిస్టు చర్చి పెట్టిన జాన్ వెస్లీ వీళ్ల బంధువేనా? (ఒక పాస్టరుగారు, గుంటూరు జిల్లా)

జవాబు: ఒకే పేరు, ఏదో పాత చుట్టరికం ఉందనుకునేవాళ్లు. జాన్ తమ్ముడు, వేల కొద్దీ చర్చి పాటలు రాసిన చార్లెస్ చదువుకునే రోజుల్లో పిల్లలు లేని గ్యారెట్ వెస్లీ అతన్ని వారసుణ్ణి చేసుకుంటానన్నాడనీ, చార్లెస్ వద్దన్నాడనీ మెథడిస్టుల్లో చెప్పుకుంటారు. ఒప్పుకుని ఉంటే రిచర్డ్ కాలీ కాలీగానే ఉండిపోయేవాడు, మీ పాటల పుస్తకం మాత్రం చాలా సన్నగా ఉండేది.

ప్రశ్న: ఐర్లాండ్ రికార్డులన్నీ 1922లో కాలిపోయాయి కదా. మరి ఇవన్నీ ఎలా నమ్మాలి? (చరిత్ర టీచరు, వరంగల్)

జవాబు: అందరూ అదే అంటారు, సగమే నిజం. 1922 జూన్ 30న డబ్లిన్‌లో ఫోర్ కోర్ట్స్ అనే కోర్టుల భవనంలో పేలుడుకు రికార్డు ఆఫీసు మండిపోయి, వీలునామాలు, 1821 నుంచి 1851 దాకా జనాభా లెక్కలు, చర్చి రిజిస్టర్లలో చాలా భాగం బూడిదైంది. 1861 నుంచి 1891 దాకా లెక్కలు మాత్రం మంటల్లో పోలేదు, ప్రభుత్వమే నాశనం చేయించింది. ఆ పాపం కూడా నిప్పు మీదికే తోసేస్తారు.

కానీ భూమి ఉన్నవాళ్ల కాగితం అంత తేలిగ్గా పోదు. 1708లో పెట్టిన రిజిస్ట్రీ ఆఫ్ డీడ్స్ వేరే భవనంలో ఉంది, దానికేం కాలేదు. మన సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు లాంటిది. అమ్మకం, లీజు, తాకట్టు, పెళ్లి ఒప్పందం, రిజిస్టరు చేయించిన వాటి సారాంశం అక్కడ ఉంటుంది. ఒక్క పెళ్లి ఒప్పందం దొరికితే పెళ్లికొడుకు తండ్రి, పెళ్లికూతురి అన్నదమ్ములు, ఎవరికెంత, భర్త పోతే ఆమెకు ఏటా ఎన్ని పౌండ్లు, అన్నీ అందులోనే. వీలునామాలు కాలిపోయినా, విలియం బెథమ్ అనే అధికారి 1800 ముందు నాటి వాటిలో చాలావాటి నుంచి కుటుంబ వివరాలు ఎత్తి రాసిపెట్టుకున్నాడు, అవి మిగిలాయి. ఇప్పుడు కాలిపోయిన వాటి నకళ్లు ప్రపంచమంతా వెతికి 2022లో ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టారు. భూమి లేని కౌలు రైతు పేరే దొరకడం కష్టం, అతని తాత పేరు ఇంకా కష్టం. ఆ మాట ఎవరూ గట్టిగా అనరు.

ఇక అచ్చయిన వంశావళి పుస్తకాలు, ముఖ్యంగా బర్క్ వాళ్ల లావుపాటి సంపుటాలు, నాకు వాటి మీద అంత నమ్మకం లేదు. ఆ ఇంటివాళ్లే రాసి పంపినది అచ్చు వేసేవాళ్లు. తండ్రి, తాత, ముత్తాత దాకా ఫర్వాలేదు, ఆ పైన జెండా పట్టుకున్నవాడు తగిలాడంటే కాస్త ఆగండి.

రికార్డు ఉన్నా కూడా టెన్షనే ఒక్కోసారి. ఆర్థర్ పుట్టిన తేదీ 1769 మే 1 అని తల్లి ఎప్పుడూ చెప్పేది. తల్లి కన్నా ఎవరికి తెలుస్తుంది? కానీ డబ్లిన్ సెయింట్ పీటర్స్ చర్చి రిజిస్టరులో ఆ పిల్లాడికి ఏప్రిల్ 30న బాప్తిస్మం ఇచ్చినట్టు ఉంది, అంటే పుట్టడానికి ఒక రోజు ముందు. పుట్టింది డబ్లిన్‌లోనా, డాంగన్‌లోనా అన్నదీ తేలలేదు. ఆయన మాత్రం బతికినన్నాళ్లూ మే 1నే పుట్టినరోజు చేసుకున్నాడు, అమ్మ చెప్పింది కదా అని.